అద్దాల ఇంట్లో నేను వెలయించిన దేవుడు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే ఆ వరస చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా వస్తుంది. అందులో అందరికంటే ముందు మెడలో దండ వేసుకుని నిలబడవలసిన పని ఒకటుంది. ఆ ఒక్క పనితో ఒక దేవుడు, పన్నెండుమంది ఆడవాళ్ళు, ఒక సర్కారు సూపరింటెండెంటు, నా కొత్త ప్యాంటు, అందరూ ఒకేసారి తడిసి ముద్దయ్యారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, నేను ఏం చేయగలిగాను?

మొఘల్‌పురాలో మా గల్లీ చివర ఒక చిన్న శివాలయం. మా తాతలు, ముత్తాతలు దానికి అర్చకులు. మా బాపు, బాబాయి కూడా అంతే. బాపుకు నేను ఒక్కడినే కొడుకుని కనుక ఆయన తరవాత గంట నా చేతికే రావాలి. నాకేమో తెల్లవారకముందే బావి దగ్గర చన్నీళ్ళు పోసుకోవడమన్నా, తడిబట్టతో వణుకుతూ బిందెలు మోయడమన్నా చచ్చేంత బద్ధకం. దేవుడి మీద నాకు వేరే ఫిర్యాదు ఏమీ లేదు. ఆయన అంత పొద్దున్నే లేస్తాడు, అదొక్కటే. నాకు కావలసింది ప్యాంటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, పదింటికి మొదలుపెట్టే ఉద్యోగం. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు.

గల్లీ మొదట్లో ఖాదర్ సాబ్ ఇల్లు. మూసీ అవతల నవాబుల కాలంనాటి పెద్ద తోట ఒకటుండేది, ఆయన దానికి సూపరింటెండెంటు. ఆ తోట నడుమ ఒక అద్దాల ఇల్లు. గోడలూ అద్దాలే, కప్పూ అద్దాలే. ఏడాది పొడుగునా వానలు కురిసే దేశాల నుంచి తెచ్చిన చెట్లను అందులో పెంచేవారు. ఆ చెట్లు మన హైదరాబాదు ఎండకు బతకవు కదా, అందుకని కప్పు కింద గొట్టాలు బిగించి, వాటి చిల్లుల్లోంచి సన్నటి వాన కురిపించేవారు. బయట చెప్పులు కాలుతున్నా లోపల అడవి తడిగా నిగనిగలాడేదట. అట అని ఎందుకంటున్నానంటే, అప్పటికి మా గల్లీలో దాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

రెండు రాష్ట్రాలు కలిసి కొత్త రాష్ట్రమైన రోజులవి. సాబ్ ఆఫీసుకు తెలుగులో కాగితాలు రావడం మొదలైంది. అక్కడున్న గుమాస్తాలందరూ ఉర్దూవాళ్ళు. తెలుగు కాగితం వస్తే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, గౌరవంగా బీరువాలో పెట్టేవారట. తెలుగు రాసే మనిషి ఒకడు కావాలని సాబ్ ఒకరోజు బాపుతో అన్నాడు. నేను బడిలో చదివింది ఉర్దూ అయినా, బాపు ఇంట్లో పలక పట్టించి తెలుగు గట్టిగా నేర్పాడు. ఆదివారం తోటకు వస్తే చూస్తానన్నాడు సాబ్. నేను ఎగిరి గంతేశాను. బాపు మాత్రం విభూతి పెట్టుకుంటూ, నా ముఖం వైపు చూడకుండానే తన షరతు చెప్పాడు.

"సాబ్ సరే అంటే నేను అడ్డం రాను. వద్దన్నడంటే మాత్రం పున్నం నాడు నువ్వు పట్టుబట్ట గట్టుకొని గర్భగుడిల గూసోవాలె. మళ్ళ మాట మార్చొద్దు."

నేను సరేనన్నాను. ఉద్యోగం నా జేబులో ఉన్నట్టే అనుకున్నాను. అప్పటికి నాకు జేబు కూడా లేదు, ప్యాంటు ఇంకా పత్తర్‌గట్టి దర్జీ దగ్గరే ఉంది.

అయితే అది కార్తీకమాసం. కార్తీకంలో మా గల్లీ ఆడవాళ్ళు ఏదో ఒక తోటకు వెళ్ళి, ఉసిరిచెట్టుకు పూజ చేయించి, దాని నీడన వనభోజనం చేస్తారు. ఈ అద్దాల ఇంటి సంగతి చంద్రమ్మ పెద్దమ్మ చెవిన పడింది. చంద్రమ్మ పెద్దమ్మంటే మీకు తెలియదు. సోమవారం అభిషేకానికి ఆమె వచ్చిందో లేదో చూసుకుని గానీ మా బాపు సంకల్పం చెప్పేవాడు కాదు. ఈ ఏడు వనభోజనం ఆ తోటలోనేనని ఆమె తేల్చేసింది. పూజకు పంతులు కావాలి, కార్తీకంలో బాపూ బాబాయీ గుడి విడిచి కదలలేరు. ఎలాగూ పోతున్నావు కదా, వాళ్ళనీ తీసుకుపో అన్నాడు బాపు. లోకంలో ఉద్యోగం అడగడానికి జనం ఒంటరిగా వెళతారు. నేను మూడు జట్కాల్లో పన్నెండుమంది ఆడవాళ్ళతో, రెండు గంగాళాల పులిహోరతో, గంపెడు పూజాసామానుతో నయాపూల్ వంతెన దాటాను.

ప్యాంటు గురించి ఒక మాట. పెరిగే వయసని దర్జీ నడుము దగ్గర ధారాళంగా వదిలాడు. దాన్ని పురికొసతో బిగించి కట్టుకున్నాను. ఇంకొకడు కూడా అందులో సుఖంగా ఉండేవాడు.

తోట గేటు దగ్గర ఖాదర్ సాబ్ షేర్వానీ, రూమీ టోపీతో నిలబడి ఉన్నాడు. జట్కాల్లోంచి ఒక్కొక్కరే దిగుతుంటే లెక్కపెట్టుకున్నాడు కాబోలు, చివరామె దిగేసరికి ఆయన ముఖంలో చిరునవ్వు వచ్చింది. నన్ను పక్కకు పిలిచాడు. సాబ్ మాట్లాడేది మా గల్లీ తెలుగే, నడుమ నడుమ ఉర్దూ.

"చూడు మియా, చిట్ఠీలు రాసుడు అల్కగనే ఉంటది. మనుషులను సంభాలించి అదుపుల పెట్టుడే అసలు నౌకరీ. వీళ్ళందరిని అద్దాల ఇంట్ల తిప్పి తీస్కరా. లోపట ఏదీ ముట్టొద్దు, అగ్గి ముట్టియ్యొద్దు. గీ రెండు మాటలు నిలవెడితే రేపే కాగితం రాస్త."

ఇంత సులువైన పరీక్ష ఈ భూమ్మీద ఇంకెవరికీ పెట్టి ఉండరు. చేయవలసింది ఏమీ లేదు. ఊరికే నడవాలి, ఊరికే బయటికి రావాలి.

గంప, గంగాళాలతో సహా లోపల అడుగుపెట్టగానే వెచ్చటి ఆవిరి ముఖానికి తగిలింది. మీద నుంచి కంటికి కనపడనంత సన్నగా తుంపర. గొడుగంత ఆకులు, మనిషి చేతిలా వేలాడే వేళ్ళు, చెట్ల మీదనే మొలిచిన చెట్లు. ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఒక పెద్దాకు చెట్టు దగ్గర చంద్రమ్మ పెద్దమ్మ ఆగి, దాని పేరేమిటని అడిగింది. చెట్టుకు పేరు పలక ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు గూడ్సుబండి డబ్బాల్లా ఒకదాని వెనక ఒకటి సాగిపోతున్నాయి. నాకు రాదని చెప్పేస్తే అయిపోయేది. కానీ రేపటి గుమాస్తా, అందులోనూ ప్యాంటు వేసుకున్నవాడు, తెలియదంటాడా? అది సింహళం అరటి అన్నాను. వేలాడే వేళ్ళను చూపిస్తే, హనుమంతుడు లంకకు పోతూ నడుముకు చుట్టుకున్న తీగ ఇదేనన్నాను. ఒక మొక్కకు ఆకుల చివర చిన్న చిన్న కూజాలు కాసి ఉన్నాయి, మూతలతో సహా. ఋషుల కమండలాలు ఈ చెట్టుకే కాస్తాయన్నాను. ఆమె ఆ కూజాలకు దణ్ణం పెట్టింది. పిల్లగాడు మస్తు చదివిండని వెనక నుంచి ఎవరో అన్నారు. నా ఛాతీ ప్యాంటు నడుమంత వెడల్పు అయింది.

అలా వాగుకుంటూ అద్దాల ఇంటి నడిమధ్యకు వచ్చాం. అక్కడ ఇటుకలతో కట్టిన గుండ్రటి గద్దె, దానికి ఒక పక్కన నీళ్ళు పోవడానికి కాలువలాంటి మూతి. గద్దె నడుమ నున్నటి నల్లరాయి, గుమ్మడికాయంత ఉంటుంది. సరిగ్గా దాని నెత్తిన, పై గొట్టం అతుకులోంచి, బొట్టు తరవాత బొట్టు పడుతూ ఉంది. పన్నెండుమందీ ఆగిపోయారు.

"చిన్న పంతులూ, ఇదేంది?" అంది చంద్రమ్మ పెద్దమ్మ, గొంతు తగ్గించి.

మిగతా అబద్ధాలన్నీ డాబుకు చెప్పినవి. ఇది మాత్రం అబద్ధమని నాకే తెలియదు, ఒట్టు. తాపీమేస్త్రీ కొడుకైతే అక్కడ ఇటుకలు చూసి ఉండేవాడు. నల్లాలు బిగించేవాడి కొడుకైతే గొట్టం చూసి ఉండేవాడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పానవట్టం కడిగినవాణ్ణి. నాకు పానవట్టం, లింగం, పైన ధారాపాత్ర కనిపించాయి. ఒళ్ళు జలదరించింది.

"స్వయంభువు, పెద్దమ్మా. అడవిల ఎవ్వలు పెట్టకుండనే వెలసిండు" అన్నాను.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చక్కటి స్వామికి విభూతి కూడా పెట్టే దిక్కు లేదా అంది. సర్కారు తోట కదా పెద్దమ్మా, ఎవరు పెడతారన్నాను. కార్తీకంల శివుడు ఎదురువడ్డంక ఊకె పోతమా, అని ఆమె గంప దించింది. అప్పుడు నాకు ఖాదర్ సాబ్ గుర్తొచ్చాడు. లోపల ఏదీ ముట్టొద్దన్నారని గొణిగాను.

"మేం ముట్టం. నువ్వు ముట్టు. నువ్వు పంతులువు గద" అంది.

చొక్కా విప్పాను. జంధ్యం, కింద ప్యాంటు, నడుమున పురికొస. ఏ ఆగమంలోనూ లేని అర్చకుణ్ణి తయారయ్యాను. పాలు పోశాం, బిల్వదళాలు వేశాం, మూడు రేఖల విభూతి దిద్దాం. నమకం మొదలుపెడితే అద్దాల కప్పు కింద నా గొంతు ఎంత గంభీరంగా మోగిందంటే, చదువుతున్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. చెప్పడానికి సిగ్గు గానీ, ఆ క్షణాన నాకు చాలా సంతోషం వేసింది. చలి లేదు, వణుకు లేదు. ఇంత వెచ్చటి గుడి ఉంటే నేనెందుకు వద్దంటాననిపించింది.

ఆ సంతోషంలో ఉండగానే వత్తులు వెలిగాయి. కార్తీకంలో ఏడాది రోజులన్నిటికీ కలిపి మూడువందల అరవై అయిదు వత్తులను ఒక కట్టగా కట్టి, నేతిలో తడిపి, ఒక్కసారే వెలిగిస్తారని మీకు తెలిసే ఉంటుంది. మనిషికొక కట్ట. పన్నెండు కట్టలు. పన్నెండేళ్ళ దీపాలు ఒకేసారి భగ్గుమన్నాయి. పొగ పైకి లేచి అద్దాల కప్పుకు తగిలి, పోవడానికి దారిలేక అక్కడే పరుచుకుంది. బయట నుంచి చూసినవాళ్ళకు అద్దాల ఇల్లు అంటుకున్నట్టే కనిపించింది.

"ఆగ్, ఆగ్" అంటూ, నిప్పు అంటుకుందని మాలీలు నీళ్ళు నింపే తీరిక లేక ఖాళీ బకెట్లతోనే ఉరికొచ్చారు. వాళ్ళ వెనక ఖాదర్ సాబ్, టోపీ చేత్తో పట్టుకుని. లోపల హారతి జరుగుతోంది. బకెట్లవాళ్ళు బకెట్లు దించి చేతులు జోడించారు. సాబ్ ఒక్క క్షణం నన్ను, నా జంధ్యాన్ని, నా పురికొసను చూశాడు. తరవాత వత్తుల మంట పక్కనే ఉన్న వెదురుతడకలను చూశాడు. అవి మొక్కలకు నీడ కోసం తుంపర తగలని చోట కట్టినవి, ఎండి గలగలలాడుతున్నాయి.

"మియా, ముందుగాల ఆ పత్తర్ జరుపు. దాని కిందనే పెద్ద నల్లా ఉంది. అది ఇప్పితేనే మంట ఆరుతది."

"పత్తరంటరేంది సాబ్? శివుడు" అంది చంద్రమ్మ పెద్దమ్మ, రాయికి అడ్డం జరిగి.

సాబ్ ఆమెకు ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. "అమ్మా, మీ దేవునికి నా సలాం. గని గా రాయి పోయినేడు నేనే మూసీల నుంచి తెప్పిచ్చిన. నల్లా మీది మూత పలిగిపోతే అడ్డం పెట్టిచ్చిన."

పన్నెండు ముఖాలు నా వైపు తిరిగాయి. మంట తడక వైపు తిరిగింది.

నా పరిస్థితి ఆలోచించండి. రాయేనని ఒప్పుకుంటే, కార్తీకంలో ఇంతమంది చేత నల్లా మూతకు అభిషేకం చేయించిన మహాపురుషుణ్ణవుతాను, మా బాపు గల్లీలో తలెత్తుకోలేడు. దేవుడేనని మొండికేస్తే రాయి కదలదు, తడక అంటుకుంటుంది, ఉద్యోగం ఆ పొగలోనే కలిసిపోతుంది. అప్పుడు మా ఇంటి పద్ధతే నన్ను ఆదుకుంది. మట్టి వినాయకుడిలోకి, చెంబు కలశంలోకి మేం దేవుణ్ణి పిలుస్తాం, పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి పంపిస్తాం. పంపించాక మట్టి మట్టే, చెంబు చెంబే.

"పెద్దమ్మా, నేను తెల్వక చెప్పిన. సాబ్ పెట్టిచ్చిన రాయే ఇది. గని మనం పిలిచినంక స్వామి అందులకు వచ్చిండు, మన పూజ యాడికి పోలే. ఇగ ఉద్వాసన చెప్పి సాగనంపుత, అప్పుడు జరుపుదం" అన్నాను.

ఆమె రాయికి దణ్ణం పెట్టి పక్కకు జరిగింది. "సాగనంపు. గని మర్యాదగ సాగనంపు" అంది.

"జర జల్దీ సాగనంపు మియా" అన్నాడు సాబ్, తడక మీద నుంచి కన్ను తీయకుండా.

అంత భక్తితో, అంత వేగంగా ఉద్వాసన చెప్పిన అర్చకుడు మా వంశంలో లేడు. రాయిని రెండు చేతులా ఎత్తి, కళ్ళకద్దుకుని, పక్కన పెట్టాను. కింద గుంతలో ఇనుప చక్రం. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో అడిగే తీరిక లేదు. బలమంతా పెట్టి ఆఖరుదాకా తిప్పేశాను. అంతదాకా దాన్ని ఎవరూ తిప్పి ఉండరు. గొట్టాలు ఒకసారి గుర్రుమన్నాయి. ఆ తరవాత సన్నటి తుంపర కాదు, ఆషాఢమాసం మొత్తం ఒకేసారి మా నెత్తిన కురిసింది. వత్తులు ఆరాయి. తడకలు తడిశాయి. సాబ్ షేర్వానీ తడిసింది. మూత లేని గంగాళంలో పులిహోర పులుసైంది.

ఆడవాళ్ళు ముందు కెవ్వుమన్నారు. తరవాత ఒకామె నవ్వింది. ఆమెను చూసి ఇంకొకామె. చంద్రమ్మ పెద్దమ్మ రెండు చేతులూ చాచి, ముఖం పైకెత్తి, వాన వడ్డది, శివయ్య వాన కురిపిచ్చిండు అని చిన్నపిల్లలా తిరుగుతోంది. నల్లా కట్టేయమని సాబ్ అరుస్తున్నాడు. నేను కట్టేయలేను. నీళ్ళకు ప్యాంటు బరువెక్కి, పురికొస తెగింది. నా రెండు చేతులకూ అంతకంటే అత్యవసరమైన పని ఉంది. చివరికి సూపరింటెండెంటు గారే మోకాళ్ళ మీద కూర్చుని నల్లా కట్టుకున్నారు.

ఆయన లేచి టోపీ కుచ్చు పిండుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తల వంచుకుని, ప్యాంటు పట్టుకుని, పోతాను సాబ్, పున్నం నాడు గుళ్ళో కూర్చుంటానన్నాను. ఆయన భుజాలు కదులుతున్నాయి. కోపమేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"రెండు మాటలు చెప్పిన, రెండూ తప్పినవ్. గని నా ఆఫీసుల ఒక్క కుర్సీ జరపాలన్నా నెల రోజుల లొల్లి. నువ్వు పన్నెండుమంది ముంగట దేవుణ్నే లేపి పక్కకు వెట్టినవ్, ఒక్కలు ఏడ్వలే. రేపు పదింటికి రా."

ఆ రోజు ఉసిరిచెట్టు కింద తడిబట్టలతోనే మిగిలిన పులిహోర తిన్నాం. సాబ్ కూడా మాతోనే ఆకు ముందు కూర్చున్నాడు. అంత రుచిగా నేను మళ్ళీ ఎక్కడా తినలేదు.

మరునాడు సోమవారం. కుదించుకుపోయి నాకు సరిగ్గా సరిపోయిన ప్యాంటుతో, పదింటికి కుర్చీలో కూర్చున్నాను. కలం ఇంకులో ముంచాను. చప్రాసీ వచ్చి, గేటు దగ్గర ఆడవాళ్ళు వచ్చారన్నాడు. పన్నెండుమంది కాదు, నలభైమంది. వానలో వెలసిన స్వామి సంగతి పక్క గల్లీలకు కూడా పాకింది. ముందు చంద్రమ్మ పెద్దమ్మ, నెత్తిన గంప.

"నిన్న సాగనంపినవ్ గద చిన్న పంతులూ. ఇయ్యాల మళ్ళ పిలువు" అంది.

సాబ్ ఆలోచించాడు. నల్లాకు ఇనుప మూత చేయించి, రాయిని ఉసిరిచెట్టు కిందికి మార్పించాడు. తరవాత నన్ను పిలిచి హుకుం చెప్పాడు, నా చేతనే తెలుగులో రాయించాడు. తెలుగు గుమాస్తా పనులు ఇవి: వచ్చిన ఉత్తరాలు చదవడం, జవాబులు రాయడం, ప్రతి సోమవారం ఆఫీసు తెరవకముందే స్వామిని పిలిచి, పూజ చేసి, జనాన్ని లొల్లి లేకుండా సాగనంపడం. ఆ ఆఫీసులో నేను రాసిన మొట్టమొదటి తెలుగు కాగితం అదే.

సాయంత్రం బాపుకు చెప్పాను. గర్భగుడి తప్పించుకుని వచ్చినవాడి గర్వం అప్పటికి నాలో పిసరంత మిగిలి ఉంది. ఆయన అంతా విని, నవ్వు ఆపుకోవడానికి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈడ నేనూ మీ బాబాయీ వంతులు పంచుకుంటం కొడుకా. ఒంట్ల బాగలేకపోతే ఒకరికొకరం ఉన్నం. ఆడ నీకు ఎవ్వలున్నరు?"

ఎవ్వరూ లేరు. ముప్పై ఏడేళ్ళు నౌకరీ చేశాను, పెన్షను పుచ్చుకున్నాను. ఆదివారం సెలవు దొరికింది, పండగలకు సెలవు దొరికింది, సోమవారం పొద్దుటికి మాత్రం ఒక్కసారీ దొరకలేదు. మొఘల్‌పురా నుంచి మూసీ దాటి పోవాలి కనుక, ఆ రోజు మా బాపు కంటే ముందే లేచి చన్నీళ్ళు పోసుకునేవాణ్ణి.

కనుక చదివే మీ అందరి సాక్షిగా, తూర్పు తిరిగి, చేతిలో నీళ్ళు పోసుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ముందు నాకు ఎవరు ఏది చూపించి ఇదేంది అని అడిగినా, అది రాయి గానీ, చెట్టు గానీ, చివరికి మా ఇంట్లో వండిన కూర గానీ, తెల్వదు అనే చెబుతాను. ఇంకో దేవుడికి చాకిరీ చేసే ఓపిక నాకు లేదు.